చమురు ధర పడితే ముందు ఎవరి ఉద్యోగం పోతుంది?

పొలంలో బోరు వేయించిన రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండి చేలో దిగిన రోజు అక్కడంతా హడావుడి. డ్రిల్లరు, రాడ్లు అందించే కుర్రాళ్లు, కంప్రెషర్ లారీ డ్రైవరు, వాళ్లకు వండిపెట్టే మనిషి, దగ్గర్లో టీ కొట్టువాడు, అందరికీ ఆ రెండు రోజులూ పనే. నీళ్లు పడ్డాక కేసింగు దింపి, మోటారు బిగిస్తే బండి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బోరుకు కావలసింది స్టార్టరు నొక్కే ఒక్క చెయ్యి. ఇప్పుడు పంట ధర పడిపోయిందనుకుందాం. ఏ రైతూ ఉన్న మోటారు కట్టేయడు. వచ్చే వేసవిలో వేద్దామనుకున్న కొత్త బోరు మానుకుంటాడు. దెబ్బ పడేది బోరు బండి వాళ్ల మీద.

చమురు పరిశ్రమలో ఉద్యోగాలు పోయే తీరు దాదాపు ఇదే. 2014 అక్టోబరులో అమెరికాలో చమురు కోసం తవ్వుతున్న రిగ్గులు 1,609. 2016 మే నాటికి అవి 316కు పడిపోయాయి. ఐదింట నాలుగు ఆగిపోయాయన్నమాట. మరి చమురు ఎంత తగ్గింది? 2015 ఏప్రిల్‌లో రోజుకు సుమారు 96 లక్షల బ్యారెళ్లతో శిఖరం మీద ఉన్న ఆ దేశపు ఉత్పత్తి, 2016లో బాగా దిగజారిన నెలలో కూడా 85 లక్షల దగ్గర ఉంది. రిగ్గులు 80 శాతం పోతే చమురు పోయింది తొమ్మిదో వంతు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే లక్షల మంది కొలువులు పోయాయి. "ధర పడింది, ఉద్యోగాలు పోయాయి" అని వార్తల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎవరివి ముందు పోయాయి, ఎవరికి ఏడాదిన్నర ఆలస్యంగా పోయాయి, ధర మళ్లీ లేచినా ఎవరివి తిరిగి రాలేదు అన్నవి విడివిడిగా చూస్తే తప్ప అసలు సంగతి అర్థం కాదు.

వియన్నాలో ఒక గురువారం

2014 జూన్‌లో, ప్రపంచ ధరకు కొలబద్దగా చూసే బ్రెంట్ చమురు బ్యారెల్ 115 డాలర్లు పలికింది. అంతకుముందు మూడున్నరేళ్లు అది వంద డాలర్ల అటూ ఇటూగా ఉంటూ వచ్చింది కాబట్టి, వంద డాలర్లే మామూలు ధర అన్న నమ్మకం కంపెనీల్లోనూ బ్యాంకుల్లోనూ పాతుకుపోయింది. ఆ నమ్మకం మీదే అమెరికాలో షేల్ రాతిని పగలగొట్టి చమురు తీసే చిన్నా పెద్దా కంపెనీలు విపరీతంగా అప్పులు చేశాయి. 2008లో రోజుకు 50 లక్షల బ్యారెళ్లు తీసిన దేశం 2014 చివరికి 90 లక్షలు దాటేసింది. అంత చమురు మార్కెట్లోకి వచ్చిపడుతుంటే చైనా, యూరప్‌ల గిరాకీ అనుకున్నంత పెరగలేదు. ధర జారడం మొదలైంది.

అలాంటప్పుడు చమురు ఎగుమతి దేశాల కూటమి అయిన ఒపెక్, ముఖ్యంగా సౌదీ అరేబియా, ఉత్పత్తి తగ్గించి ధరను నిలబెట్టడం ఆనవాయితీ. 2014 నవంబరు 27న వియన్నాలో కూర్చున్న ఒపెక్ మంత్రులు ఆ పని చేయలేదు. రోజుకు 3 కోట్ల బ్యారెళ్ల పాత పరిమితినే ఉంచేశారు. అప్పటి సౌదీ చమురు మంత్రి అలీ అల్ నయీమీ, ధర 20 డాలర్లకు పడినా తమకు పట్టింపు లేదన్నట్టు ఆ డిసెంబరులోనే మాట్లాడారు. బయటి వాళ్లకు అది మొండితనంలా కనిపించింది. సౌదీ వాళ్లకు మాత్రం 1985 గుర్తుంది. ధర కాపాడాలని ఆ దేశం 1980ల మొదట్లో రోజుకు కోటి బ్యారెళ్ల నుంచి 30 లక్షల లోపుకు తన ఉత్పత్తిని కోసుకుంటూ పోయింది. ఆ ఖాళీలోకి ఇతరులు దూరారు. చివరికి ధర కూడా నిలవలేదు, 1986లో 10 డాలర్ల దాకా పడింది. ఒకసారి చెయ్యి కాలినవాళ్లు రెండోసారి ఆ పొయ్యి దగ్గరకు పోరు.

2014 చివరికి బ్రెంట్ 60 డాలర్ల కిందికి వచ్చింది. 2016 జనవరిలో 28 డాలర్ల కిందికి కూడా దిగింది.

బోర్డు ఒకరిది, పని మరొకరిది

చమురు బావి మీద పెద్ద కంపెనీ బోర్డు ఉంటుంది. అక్కడ పనిచేసే వాళ్లలో ఆ కంపెనీ జీతం తీసుకునేది ఒకరో ఇద్దరో. రిగ్గు వేరే కంపెనీది, దానికి రోజు అద్దె. తవ్వేటప్పుడు బావిలోకి పంపే మడ్డు (బురద లాంటి ద్రవం) కలిపేవాళ్లు ఇంకో కంపెనీ. రాతి పొరలను పరికరాలు దింపి చదివే లాగింగ్ వాళ్లు, సిమెంటు పోసేవాళ్లు, షేల్ అయితే నీళ్లూ ఇసుకా ఒత్తిడితో పంపి రాతిని చీల్చే ఫ్రాకింగ్ బృందం, ఇసుక లారీలు, క్యాంపులో వంట కాంట్రాక్టరు, ఇలా ఒక్కో పని ఒక్కొక్కరిది. చమురు కంపెనీ వచ్చే ఏడాది తవ్వకాల బడ్జెట్‌ను సగం చేయాలనుకుంటే తన మనుషుల్ని తీసేయనక్కర్లేదు. నాలుగు ఫోన్లు చేసి కాంట్రాక్టులు ఆపేస్తే చాలు. తీసేసే బాధ, తీసేశారన్న చెడ్డపేరు రెండూ కింది కంపెనీలవి.

అందుకే మొదటి పెద్ద వార్త ఎక్సాన్ నుంచో షెల్ నుంచో రాలేదు, ష్లంబర్జర్ నుంచి వచ్చింది. చమురు కంపెనీలకు సేవలందించే సంస్థల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది అదే. వియన్నా సమావేశం జరిగి రెండు నెలలైనా కాకముందే, 2015 జనవరిలో 9,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఏప్రిల్‌లో ఇంకో 11,000. ఆ ఏడాది చివరికి మొత్తం 34,000 అయింది. 2016 మొదటి ఆరు నెలల్లో మరో 16,000. లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న సంస్థ ఏడాదిన్నరలో 50,000 మందిని ఇంటికి పంపింది.

రెండు, మూడు స్థానాల్లో ఉన్న హాలిబర్టన్, బేకర్ హ్యూస్‌ల కథలో ఒక వింత ఉంది. ధర పడుతుండగానే 2014 నవంబరులో రెండూ కలిసిపోతామని ప్రకటించాయి. పోటీ తగ్గిపోతుందని అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కడంతో 2016 మేలో ఒప్పందం రద్దయింది. జరగని ఆ పెళ్లికి పరిహారంగా హాలిబర్టన్ రెండో కంపెనీకి 350 కోట్ల డాలర్లు చెల్లించింది. అప్పటికి రెండు చోట్లా వేల మందికి నోటీసులు అందాయి. ఖర్చు తగ్గించుకోక తప్పడం లేదని వాళ్లకు చెప్పిన మాట ఎంతవరకు నిజమో ఈ ఒక్క చెక్కును బట్టి ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2016 మే నెల లెక్క కూడా బోరు బండి సంగతే చెబుతోంది. గనుల రంగంలో 2014 సెప్టెంబరు నుంచి అప్పటిదాకా పోయిన ఉద్యోగాలు 2,07,000. ఆ దేశంలో చమురు, గ్యాస్ పనులు కూడా ఈ పద్దు కిందికే వస్తాయి. పోయిన వాటిలో నాలుగింట మూడొంతులు "సహాయక పనులు" అనే వర్గంలోవి. తవ్వేవాళ్లు, తవ్వేవాళ్లకు సామాను మోసేవాళ్లు ఉండేది ఈ వర్గంలోనే.

నార్త్ డకోటాలోని విల్లిస్టన్‌లో ఇది కళ్లకు కనిపించింది. 2010 జనాభా లెక్కల్లో 14,716 మంది ఉన్న చిన్న ఊరు. షేల్ పని మొదలయ్యాక దేశం నలుమూలల నుంచి జనం వచ్చిపడ్డారు. ఉండటానికి ఇళ్లు లేక రేకుల గదుల క్యాంపుల్లో, కార్లలో పడుకున్నారు. 2014 మొదట్లో ఒక సర్వేలో ఒక బెడ్రూం ఫ్లాటుకు నెలకు దాదాపు 2,400 డాలర్ల అద్దెతో న్యూయార్క్‌ను కూడా దాటేసింది. ఆ అద్దెలు చూసి బిల్డర్లు అపార్టుమెంట్లు కట్టడం మొదలుపెట్టారు. అవి పూర్తయ్యేసరికి అద్దెకు దిగేవాళ్లు ఊరు వదిలిపోతున్నారు.

చమురు కంపెనీల ఆఫీసులుండే హ్యూస్టన్‌లో అంత నాటకీయంగా ఏమీ లేదు. అక్కడ పోయినవి ఆఫీసు ఉద్యోగాలు: జియాలజిస్టులు, రిజర్వాయర్ ఇంజినీర్లు, వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. తెలుగువాళ్లు తగిలేది ఇక్కడే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017 జనవరిలో వచ్చింది. 2015, 2016ల్లో ఆ గడువు కూడా లేదు. లేఆఫ్ లెటరు చేతికొచ్చిన రోజే వీసా టెన్షన్ మొదలు. ఇంటి లోను, పిల్లల బడి, సగం నడిచిన గ్రీన్‌కార్డు ఫైలు, అన్నీ ఆ ఒక్క లెటరుతో ప్రశ్నార్థకం.

ప్లాట్‌ఫాం మూయకుండానే మనుషుల్ని తగ్గించడం

సముద్రంలో సంగతి కొంచెం వేరు. ఉత్తర సముద్రంలో బ్రిటన్ వైపున్న చమురు తోడే ప్లాట్‌ఫాంలు చాలావరకు పాతవి. అక్కడ ఒక బ్యారెల్ తీయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. అయినా వాటిని చటుక్కున ఆపలేరు, ఎందుకంటే ఆపితే కూల్చాలి, కూల్చడానికి ఇంకా ఎక్కువ ఖర్చు. కాబట్టి నడుపుతూనే మనుషుల్ని తగ్గించే దారులు వెతికారు.

అందులో ఒకటి చూడటానికి డ్యూటీ చార్టు మార్పులా ఉంటుంది. స్కాట్లాండ్ తీరంలోని అబర్డీన్ నుంచి హెలికాప్టర్‌లో వెళ్లే కార్మికులు చాలాచోట్ల రెండు వారాలు సముద్రం మీద, మూడు వారాలు ఇంట్లో ఉండేవారు. అంటే ఒక్కో మనిషి ఐదు వారాల్లో రెండు వారాలు పని చేస్తాడు. ఒక్క సీటు ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉండాలంటే రెండున్నర మంది కావాలి. 2015లో చాలా కంపెనీలు దీన్ని మూడు వారాలు పని, మూడు వారాలు సెలవుగా మార్చాయి. అదే సీటుకు ఇప్పుడు ఇద్దరు చాలు. ప్లాట్‌ఫాం మీద ఒక్క యంత్రం ఆగలేదు, ఒక్క లైటు ఆర్పలేదు. లెక్క ప్రకారం ఐదుగురిలో ఒకరు మిగిలిపోయారు. ఉన్న నలుగురూ ఏడాదిలో మునుపటికంటే ఐదు వారాలు ఎక్కువ ఇంటికి దూరంగా ఉండాలి.

దాని మీద జీతాల కోత కూడా పడేసరికి 2016 జూలైలో షెల్‌కు చెందిన ఎనిమిది ప్లాట్‌ఫాంల మీద పనిచేసే వుడ్ గ్రూప్ అనే కాంట్రాక్టు సంస్థ కార్మికులు సుమారు 400 మంది ఒకరోజు సమ్మె చేశారు. ఉత్తర సముద్రంలో ఒక తరం కాలంలో అలాంటి సమ్మె జరగలేదు. గమనించాల్సింది, సమ్మె షెల్ ప్లాట్‌ఫాంల మీద జరిగింది గానీ చేసినవాళ్లు షెల్ ఉద్యోగులు కారు. బ్రిటన్ పరిశ్రమ సంఘం అంచనా ప్రకారం చమురు, గ్యాస్ మీద ప్రత్యక్షంగా, పరోక్షంగా ఆధారపడిన ఉద్యోగాలు 2014లో నాలుగున్నర లక్షలుంటే 2016 చివరికి 3,30,000కు వచ్చేలా కనిపించాయి. పనిలేని డ్రిల్లింగ్ రిగ్గులను స్కాట్లాండ్‌లోని క్రొమార్టీ ఫర్త్ అనే సముద్రపు పాయలో వరసగా లంగరు వేసి నిలిపారు. ఒడ్డున నిలబడితే కనిపించేవి.

జెడ్డాలో ఆగిన మెస్సు

గల్ఫ్‌కు వచ్చేసరికి బోరు బండి లెక్క పనికిరాదు. సౌదీలో చమురు ధర పడ్డాక తవ్వకాలు ఆగలేదు. అక్కడ బ్యారెల్ తోడటానికి అయ్యే ఖర్చు పది డాలర్లకు లోపే కాబట్టి, 30 డాలర్లకు అమ్మినా బావికి లాభమే. ఆ లాభం మీద నడిచే ప్రభుత్వానికి మాత్రం చాలదు. అప్పట్లో సౌదీ ఖజానాకు వచ్చే ఆదాయంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు చమురుదే. ఆ దేశం బడ్జెట్ లోటు లేకుండా నడవాలంటే బ్యారెల్ వంద డాలర్ల దగ్గర ఉండాలి.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లలో చమురు బావిని దగ్గర్నుంచి చూసినవాళ్లు చాలా తక్కువ. వాళ్లు సెంట్రింగ్ కొట్టేవాళ్లు, రాడ్ బెండింగ్ చేసేవాళ్లు, మేస్త్రీలు, డ్రైవర్లు, రోడ్డు కూలీలు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు. చమురు డబ్బు ప్రభుత్వానికి చేరి, ప్రభుత్వం యూనివర్సిటీ కట్టాలనో మెట్రో వేయాలనో టెండరు పిలిచి, టెండరు పట్టిన పెద్ద కంపెనీ సబ్ కాంట్రాక్టు ఇచ్చి, ఆ సబ్ కాంట్రాక్టరు ఊళ్లో ఏజెంటు ద్వారా వీసా పంపితే, ఈ గొలుసు చివర వీళ్ల జీతం ఉంటుంది. అంత పొడవైన గొలుసులో కుదుపు చివరికి రావడానికి టైం పడుతుంది.

ఎంత టైం పట్టిందో తేదీలు చూస్తే తెలుస్తుంది. ధర పడటం మొదలైంది 2014 వేసవిలో. 2015లో సౌదీ బడ్జెట్ లోటు 367 బిలియన్ రియాళ్లకు చేరింది. ప్రభుత్వం చేసిన మొదటి పని కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపడం. జీతాలు తగ్గిస్తే సొంత పౌరులకు కోపం, సబ్సిడీలు తీస్తే ఇంకా కోపం. కాంట్రాక్టరు బిల్లు ఆపితే రోడ్డెక్కేది పరాయి దేశం కూలీ.

బిన్‌లాడెన్ గ్రూపు అప్పట్లో సౌదీలో అతి పెద్ద నిర్మాణ సంస్థ. 2015 సెప్టెంబరు 11న మక్కాలో దాని క్రేను కూలి వందమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం కొత్త పనులు ఇవ్వడం ఆపేసింది. బిల్లులు అప్పటికే ఆగి ఉన్నాయి. 2016 వేసవి మొదట్లో ఆ కంపెనీ 50,000 మంది విదేశీ కార్మికులను తీసేస్తోందని సౌదీ పత్రికలు రాశాయి. నెలల తరబడి జీతాల్లేని కార్మికులు మక్కాలో కంపెనీ బస్సులు తగలబెట్టారు. ఇక లెబనాన్‌కు చెందిన హరీరీ కుటుంబం నడిపే సౌదీ ఓజర్ పరిస్థితి అంతకన్నా ఘోరం. నెలల తరబడి జీతాల్లేవు. ఆ తర్వాత క్యాంపుల్లో మెస్సు కూడా ఆగిపోయింది. 2016 జూలై 30న అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్, సౌదీలో తిండి లేక ఇబ్బంది పడుతున్న భారతీయ కార్మికులు పది వేలు దాటారని ట్విట్టర్‌లో రాశారు. జెడ్డాలోని భారత కాన్సులేట్, అక్కడి భారతీయులు కలిసి బియ్యం, పప్పు, నూనె పంచారు. సహాయ మంత్రి వీకే సింగ్ స్వయంగా జెడ్డా వెళ్లారు.

ఆ జూలై నెలలోనే సౌదీ అరేబియా రోజుకు కోటీ ఆరు లక్షల బ్యారెళ్లకు పైగా చమురు తోడింది. అప్పటికి ఆ దేశ చరిత్రలో అదే రికార్డు.

హ్యూస్టన్ ఇంజినీరుకు ఉద్యోగం పోవడం, జెడ్డా కూలీకి ఉద్యోగం పోవడం ఒకటే మాటతో చెప్పడం నిజానికి తప్పు. కూలీకి ఎవరూ లెటరు ఇవ్వలేదు. జీతం ఈ నెల లేదు, వచ్చే నెల ఇస్తామన్నారు, ఆ వచ్చే నెల రాలేదు. కంపెనీ ఇకామా (నివాస అనుమతి కార్డు) రెన్యువల్ ఫీజు కట్టలేదు. ఇకామా గడువు దాటితే రోడ్డు మీద పోలీసులకు దొరికినవాడు నేరస్తుడే. అప్పట్లో వేరే చోట చేరాలంటే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అనుమతి కావాల్సి వచ్చేది, ఇంటికి రావాలన్నా ఎగ్జిట్ వీసా కఫీలే ఇవ్వాల్సి వచ్చేది. ఆ కఫీల్ ఫోనెత్తడు. పని లేదు, జీతం లేదు, కాగితం లేదు, కదలడానికి లేదు. ఊళ్లో మాత్రం వీసాకు తెచ్చిన అప్పుకు నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ నెల తప్పకుండా నడుస్తూనే ఉంటుంది. భారత ప్రభుత్వం మాట్లాడాక సౌదీ ఎగ్జిట్ వీసాలిచ్చింది. రావలసిన జీతాలు, సర్వీసు డబ్బుల లెక్కలు అక్కడ రాసిచ్చి రమ్మన్నారు. చాలామంది చేతిలో ఒక బ్యాగుతో విమానం దిగారు.

వీళ్లయినా కంపెనీ క్యాంపులో ఉన్నారు కాబట్టి లెక్కకు వచ్చారు. పేరుకే ఒక కఫీల్ ఉండే ఆజాద్ వీసా మీద వెళ్లి రోజుకో చోట పని చేసుకునేవాళ్లు, కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేని ఖల్లివల్లిగా మిగిలినవాళ్లు ఏ లేఆఫ్ గణాంకంలోనూ ఉండరు. వాళ్లకు పని పోయిందని రాయడానికి, పని ఉన్నట్టే ఎక్కడా రాసి లేదు.

ఆఫీసు ఉద్యోగాల్లో ఉండి కుటుంబాలతో స్థిరపడినవాళ్లకు ఇంకో రూపంలో తగిలింది. చమురు ఆదాయం తగ్గిన లోటును పూడ్చుకునే దారుల్లో ఒకటిగా 2017 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగి మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యుడికీ నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏటా ఇంకో వంద పెంచుతూ 2020కి 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న హైదరాబాదీకి అది నెలకు 1,600 రియాళ్లు. ఉద్యోగం పోలేదు గానీ కుటుంబాన్ని వెనక్కి పంపేసి, గది పంచుకుని ఉండే బ్యాచిలర్ బతుకు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఎందరో.

ఇక్కడ చిన్న పక్కదారి. ప్రపంచంలో చమురు నాలుగో వంతు ధరకు పడిపోయింది కదా, ఊళ్లో బంకు దగ్గర ఆ చవక దొరికిందా? ఢిల్లీలో 2014 జూన్‌లో లీటరు 71 రూపాయలున్న పెట్రోలు 2016 మొదట్లో 60 దగ్గర ఆగింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది, లీటరు పెట్రోలుపై మొత్తం 11.77 రూపాయలు, డీజిల్‌పై 13.47. దేశ ఖజానాకు అది మంచి కాలం. జెడ్డా నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాడికి బండిలో పెట్రోలు పోయించుకునేటప్పుడైనా పెద్ద ఊరట దొరకలేదు.

ధర తిరిగొచ్చింది, పిలుపు రాలేదు

2016 చివర్లో ఒపెక్, రష్యా కలిసి ఉత్పత్తి తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాక ధర మెల్లగా లేచింది. 2018లో 80 డాలర్లు దాటింది. తీసేసిన వాళ్లందరినీ మళ్లీ పిలవాలి కదా. పిలవలేదు.

కారణం ఆ రెండేళ్లలోనే ఉంది. షేల్ బావిలో మొదటి ఏడాదిలోనే చమురు సగానికి పైగా తగ్గిపోతుంది. కాబట్టి రిగ్గులు ఐదింట నాలుగు ఆగితే ఉత్పత్తి కూలిపోవాలి. తొమ్మిదో వంతు మాత్రమే తగ్గిందంటే మిగిలిన రిగ్గులు ఇంతకుముందుకంటే ఎన్నో రెట్లు పని చేశాయన్నమాట. కంపెనీలు నాసి భూముల్ని వదిలేసి మంచి రాతి ఉన్న చోటుకే వెళ్లాయి. అడ్డంగా తవ్వే పొడవు పెంచాయి. ఒక్కో బావికి ఇసుక మోతాదు పెంచాయి. ఒకే చోట నాలుగైదు బావులు పక్కపక్కనే తవ్వుతూ, రిగ్గును విప్పి లారీల్లో వేసుకుని పోయే పని తీసేసి, తనంతట తాను పక్కకు జరిగే రిగ్గులు తెచ్చాయి. పైపు తర్వాత పైపు బిగించే ప్రమాదకరమైన పని మనుషుల చేతుల్లోంచి యంత్రానికి వెళ్లింది. కష్టకాలంలో బతకడానికి నేర్చుకున్న పొదుపును మంచి రోజులొచ్చాక ఎవరు వదులుకుంటారు?

2014 అక్టోబరులో 1,609 రిగ్గులతో రోజుకు 90 లక్షల బ్యారెళ్ల చిల్లర తీసిన అమెరికా, 2023 డిసెంబరులో సుమారు 500 రిగ్గులతో కోటీ 33 లక్షల బ్యారెళ్లు తీసింది. రిగ్గులు మూడో వంతు, చమురు ఒకటిన్నర రెట్లు.

మధ్యలో కరోనా ఇంకో దెబ్బ కొట్టింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది, అంటే తీసుకుపోయేవాడికే ఎదురు డబ్బులిచ్చారు. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు మధ్య అమెరికా చమురు, గ్యాస్, రసాయన రంగాల్లో 1,07,000 మంది పని కోల్పోయారని కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ లెక్కగట్టింది.

రెండుసార్లు దెబ్బ తిన్నాక కుర్రాళ్లు ఈ చదువు మీదే నమ్మకం వదులుకున్నారు. అమెరికాలో పెట్రోలియం ఇంజినీరింగ్ చదివే విద్యార్థులు 2014తో పోలిస్తే 2023కి నాలుగింట మూడొంతులు తగ్గిపోయారు. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో బ్రెంట్ 120 డాలర్లు దాటినప్పుడు, పనివాళ్లు దొరకడం లేదని మొత్తుకున్నది ఈ కంపెనీలే. మన దగ్గర కృష్ణా గోదావరి బేసిన్ మీద ఆశతో కాకినాడ, రాజమండ్రి చుట్టుపక్కల కాలేజీల్లో పెట్రోలియం కోర్సులు వచ్చాయి. రాష్ట్ర విభజన హామీల్లో భాగంగా విశాఖలో పెట్రోలియం, ఇంధన జాతీయ సంస్థ తరగతులు మొదలైంది సరిగ్గా 2016లో, చమురు ధర పాతాళంలో ఉన్న ఏడాది. తొలి బ్యాచ్‌లో చేరినవాళ్లు చదువు ముగించుకుని బయటికొచ్చేసరికి 2020. దీనికి ఎవర్నీ తప్పుపట్టలేం. నాలుగేళ్ల కోర్సుకూ చమురు ధర ఆటుపోట్లకూ జత కుదరాలంటే జాతకం కలవాల్సిందే.

2025 వచ్చేసరికి పాత వరుస కూడా మారిపోయింది. బ్రెంట్ సుమారు 60, 80 డాలర్ల మధ్య తిరుగుతుంటే షెవ్రాన్ తన ఉద్యోగుల్లో 15 నుంచి 20 శాతం, కొనోకోఫిలిప్స్ 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని ప్రకటించాయి. బీపీ 4,700 సొంత ఉద్యోగాలు, 3,000 కాంట్రాక్టు ఉద్యోగాలు తీసేస్తామంది. పాత లెక్క ప్రకారం ఇది మరీ చెడ్డ ధర ఏమీ కాదు. అప్పుడు అమెరికా ఉత్పత్తి అంతవరకు చరిత్రలోనే ఎక్కువగా ఉంది. అయినా కోతలు, అదీ ఈసారి బోర్డు ఉన్న ఆఫీసుల్లోపల. బోరు బండి దగ్గర తగ్గించడానికి మనుషులు అంతగా మిగల్లేదు.

గల్ఫ్‌లో మాత్రం కుదుపు ఇప్పటికీ పాత దారిలోనే, పాత ఆలస్యంతోనే వస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లకు బ్రెంట్ ధర చూసి తెలిసేది ఏమీ ఉండదు. క్యాంపులో తెలిసే గుర్తులు వేరు: ఒకటో తారీకు రావలసిన జీతం పదిహేనుకు రావడం, ఓవర్‌టైం ఆగడం, గడువు దగ్గరపడినా ఇకామా ఆఫీసులోంచి తిరిగి రాకపోవడం, సెలవు మీద ఊరెళ్లినవాడికి రీఎంట్రీ కాగితం పంపకపోవడం. సౌదీ ఓజర్ క్యాంపుల్లో ఇవన్నీ మెస్సు మూతపడక ముందు నెలల తరబడి కనిపించాయి. ఆ కంపెనీ 2017 జూలై 31న తలుపులు మూసేసింది. అందులో పనిచేసిన ఫిలిప్పీన్స్ కార్మికులకు రావలసిన బకాయిలు చేతికి అందడం మొదలైంది 2024లో.